ఒరలో ఇమిడే చిన్న వేటకత్తి: మన ప్రాంతంలో దాని ఉపయోగం

(అడవి నడకలకు వెళ్లే యువతీయువకులు, పశుపోషకులు, తోటల రైతులు తిరుపతిలో కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన పెద్దలకు, యువమిత్రులకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయే వస్తువు చాలా చిన్నది. మూడు నుంచి నాలుగు అంగుళాల అలుగు (కత్తి రేకు), పిడికిట్లో నిండుగా ఇమిడే పిడి, వాటికి తగిన ఒక తోలు ఒర. మడత లేదు, స్ప్రింగు లేదు, నొక్కే బొత్తాం లేదు. వేటగాళ్ల అవసరాల కోసం రూపు దిద్దుకున్న ఈ కత్తి, వేటకు చట్టం అనుమతించని మన దేశంలో, అందులోనూ మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎవరికి, ఏ పనికి ఉపయోగపడుతుందో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. పలమనేరు, పుంగనూరు, పీలేరు వైపు పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసినంత కాలమూ నా సంచిలో మందులతోపాటు ఇటువంటి కత్తి ఒకటి ఉండేది కాబట్టి, ఈ విషయం మీద మాట్లాడే అర్హత కొంత ఉందనుకుని ఒప్పుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కత్తి విలువంతా రెండు గుణాల్లో ఉంది. మొదటిది, అలుగు పొట్టిగా ఉండటం వల్ల మొన ఎక్కడుందో కంటికి కనిపించకపోయినా చేతికి తెలుస్తూనే ఉంటుంది. రెండోది, పిడిలోకి స్థిరంగా దిగిన అలుగు కాబట్టి అందులో కదిలేది, విరిగేది, మురికి దాచుకునేది ఏదీ లేదు. దీనితో జరిగే ప్రతి మంచి పనీ ఈ రెండు గుణాల వల్లనే జరుగుతుంది. దీనితో చేయకూడని పనులు కూడా వీటిని చూస్తేనే అర్థమవుతాయి.

ముందుగా చట్టం సంగతి, ఎందుకంటే అది తెలియకుండా మిగిలినదంతా చెప్పడం బాధ్యత అనిపించుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణతో కలిపి, మన దేశంలో వన్యప్రాణుల వేటను దాదాపు పూర్తిగా నిషేధించింది. ఆ చట్టంలో ఆయుధం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులు, విల్లంబులు, ఉచ్చులతోపాటు కత్తులు కూడా ఉన్నాయి. అభయారణ్యంలోకి గానీ జాతీయ పార్కులోకి గానీ ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టకూడదు. తలకోన జలపాతం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు లోపలే ఉందని, పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తిరిగే కౌండిన్య అడవి అభయారణ్యమని మరిచిపోవద్దు. అక్కడికి వెళ్లేటప్పుడు కత్తి ఇంట్లో ఉండాలి, లేదా తనిఖీ గేటు దగ్గరే అటవీ సిబ్బందికి చూపించి వారు చెప్పినట్టు నడుచుకోవాలి. తిరుమల కొండకైతే ఆలోచనే వద్దు. అలిపిరి తనిఖీ దగ్గర దాన్ని పట్టుకుని నిలబడే పరిస్థితి ఎవరూ తెచ్చుకోకూడదు. విమానంలో చేతిసంచిలో కూడా పనికిరాదు. ఇక 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనలు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు గానీ రెండు అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న కత్తులను ఆయుధాల లెక్కలో వేస్తాయి. ఇంటి పనికి, సేద్యానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి ఇందులో మినహాయింపు ఉంది. మనం మాట్లాడుకుంటున్న కత్తి ఆ కొలతల్లో సగం కూడా ఉండదు. అయినా ఊరేగింపుల్లో, సభల్లో, ఎన్నికల రోజుల్లో మొలకు కత్తి తగిలించుకుని తిరగడం తగదు. అది పనిముట్టు, పని ఉన్నచోటే దాని స్థానం.

ఇంత చిన్న అలుగు మనిషికి ఎంత పాత నేస్తమో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. ఇక్కడికి పక్కనే ఉన్న రేణిగుంట పరిసరాల్లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎం.ఎల్.కె. మూర్తి గారు ఎగువ పాతరాతియుగానికి చెందిన రాతి అలుగులను, చెక్కుడు పనిముట్లను గుర్తించి 1968లో వాటి వివరాలను ప్రకటించారు. రాతిగడ్డ అంచు మీద లెక్కగా దెబ్బ వేసి, వెడల్పుకు కనీసం రెండింతల పొడవుండే సన్నని పెచ్చును ఊడదీయడం ఆనాటివారి నేర్పు. విమానాశ్రయానికి వెళ్లే దారిలో మనం రోజూ దాటిపోయే నేల మీద, వేల ఏళ్ల కిందట ఎవరో కూర్చుని, చేతిలో పట్టే కోత పనిముట్టును ఇంత శ్రద్ధగా చేసుకున్నారన్న సంగతి నాకు ఎప్పటికీ పాతబడని ఆశ్చర్యం.

ఇంకొక ఆధారం చాలా దూరానిది గానీ మన విషయానికి సరిగ్గా అతుకుతుంది. 1991 సెప్టెంబరులో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులోని ఆల్ప్స్ పర్వతాల్లో మంచు కరిగిన చోట, సుమారు 5,300 ఏళ్ల కిందట చనిపోయిన ఒక మనిషి శరీరం బయటపడింది. ఓట్జీ అని పేరు పెట్టిన ఆ మనిషి దగ్గర రాగి గొడ్డలి ఉంది, ఇంకా చెక్కడం పూర్తికాని విల్లు ఉంది, వాటితోపాటు చెకుముకి రాతి అలుగున్న చిన్న కత్తి కూడా ఉంది. యాష్ అనే చెట్టు కర్రతో చేసిన పిడి, చెట్టు నారతో అల్లిన ఒర, పిడితో కలిపి మొత్తం పొడవు 13 సెంటీమీటర్ల చిల్లర. చెట్టు నరకడానికి గొడ్డలి, మిగిలిన సకల పనులకు ఆ చిన్న కత్తి. కొండల్లో బతికినవాడు ఎంచుకున్న ఈ పంపకం ఇవాళ్టికీ సరైనదే. మన గొర్రెలకాపరులు కూడా ఆకు కోయడానికి దోటికొడవలి, కంప కొట్టడానికి మచ్చుకత్తి, చిన్న పనికి చిన్న కత్తి అని వేరువేరుగానే పెట్టుకుంటారు.

శ్రీకాళహస్తి క్షేత్రకథలో తిన్నడు అడవిపంది మాంసాన్ని కాల్చి, రుచి చూసి, మంచి ముక్కలను ఏరి స్వామికి పెట్టాడని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. భక్తి సంగతి పెద్దలు చెబుతారు; కోత తెలిసినవాడిగా నాకు ఆ కథలో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. వెన్నుపూస పక్కన ఉండే కండ ఎందుకు మెత్తగా ఉంటుందో, తొడలో ఏ పొర దగ్గర కండలు వాటంతట అవే విడిపోతాయో తెలిసినవాడే ముక్కలను ఏరగలడు. అది గొడ్డలితో తేలే పని కాదు.

ఇప్పుడు కత్తి ఆకారం దగ్గరికి వద్దాం. వేటకత్తి చేసే అసలు పనిని మీరు అడవిలో చూడనక్కరలేదు, చూడనూ కూడదు. జాతర రోజుల్లో ఏ మాంసం అంగడి ముందైనా కాసేపు నిలబడండి. అక్కడ మొద్దు మీద ఉండే పెద్ద కత్తి ఎముకలను కొట్టడానికి మాత్రమే. యాటను వేలాడదీశాక పనివాడి చేతిలోకి వచ్చేది చిన్న కత్తి. వెనక కాళ్ల మోకీళ్ల దగ్గర తోలును చుట్టూ గీస్తాడు, అక్కడి నుంచి తొడ లోపలివైపు ఒక్క గీత దించుతాడు, ఆ తర్వాత కత్తిని పళ్ల మధ్యనో నడుముకో పెట్టుకుని, పిడికిలిని తోలుకూ కండకూ మధ్య దూర్చి తోస్తాడు. తోలు చాలావరకు పిడికిలికే వచ్చేస్తుంది. ఎక్కడ పొర గట్టిగా పట్టిందో అక్కడ మాత్రమే కత్తి మళ్లీ చేతికి వస్తుంది, అదీ అలుగు నడిమి వంపుతో, వాదరను, అంటే కోసే అంచును, తోలువైపు తిప్పి, రెండు మూడు పొట్టి కోతలు. తోలుకు చిల్లు పడితే ధర పోతుంది, కండకు గాటు పడితే మాంసం చెడుతుంది. పళ్ల మధ్య కత్తి పెట్టుకోవడం మాత్రం మీరు నేర్చుకోకండి.

తర్వాత పొట్ట చీల్చడం. ఇక్కడే కత్తి మొనకు పరీక్ష. చర్మం కింద పలచని పొర, దాని వెంటనే పేగులు. మొన ఒక్క అర అంగుళం ఎక్కువ దిగితే పేగు తెగి మాంసమంతా పాడవుతుంది. అందుకని తెలిసినవాడు ఎడమచేతి రెండు వేళ్లను లోపలికి పెట్టి పొరను పైకి ఎత్తి పట్టి, ఆ వేళ్ల మధ్య కత్తిని వాదర పైకి ఉండేలా నడిపిస్తాడు. మొన ఎప్పుడూ వేళ్ల నీడలోనే ఉంటుంది. ఆరు అంగుళాల కత్తితో ఇది కుదరదు, ఎందుకంటే మొన వేళ్లను దాటి కనిపించని చోటికి పోతుంది. వేటకత్తి అలుగు మూడు నాలుగు అంగుళాల దగ్గర నిలిచిపోవడానికి కారణం ఇదే. అమెరికా కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ (1929–2010) వేటకత్తులకు విస్తృతంగా వాడుకలోకి తెచ్చిన ఆకారం కూడా ఈ అవసరం కోసమే: కత్తికి వెనక అంచైన వెన్ను మొనవైపు మెల్లగా కిందికి వంగుతుంది, దాంతో మొన అలుగు మధ్యరేఖకు దగ్గరగా దిగుతుంది. మొన మరీ పైకి లేచి ఉన్న కత్తి దేన్ని పడితే దాన్ని గుచ్చుకుంటుంది. మొన దిగిన కత్తి చేయి చెప్పినట్టు వింటుంది.

చనిపోయిన పశువుకు శవపరీక్ష చేసే పశువైద్యుడికి ఇదే ఆకారం అక్కరకొస్తుంది. అయితే సభలో పశుపోషకులు ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతూ, ఆ రక్తం గడ్డకట్టకుండా ఉంటే, అది ఆంథ్రాక్స్ కావచ్చు. మన పల్లెల్లో దొమ్మ అంటారు. అటువంటి కళేబరాన్ని ఏ కత్తితోనూ కోయవద్దు, తోలు తీయవద్దు. కోస్తే ఆ క్రిమి గాలి తగిలి గట్టి గుడ్డులాంటి బీజంగా మారి, ఆ నేలలో దశాబ్దాల తరబడి బతికే ఉంటుంది. దగ్గరి పశువైద్యశాలకు కబురు చేయండి, కళేబరాన్ని లోతుగా పూడ్చేవరకూ కుక్కలను, పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు.

మడత కత్తి ఉండగా ఇది ఎందుకని యువకులు అడుగుతారు. మడత కత్తి జేబులో ఇమిడిపోతుంది, కాగితాలూ పండ్లూ కోసుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ మడత ఉన్నచోట కీలు ఉంటుంది, కీలు ఉన్నచోట సందు ఉంటుంది. ఆ సందులోకి నెత్తురు, కొవ్వు, మామిడి సొన, ఇసుక చేరితే విప్పి కడిగితే తప్ప పోవు. కడగకపోతే కుళ్లు వాసన, తుప్పు, పుండు నుంచి పుండుకు క్రిములు. నేను ఒక పశువు గాయం దగ్గర వాడిన కత్తిని ఇంకో పశువు దగ్గర వాడాలంటే దాన్ని మరిగే నీళ్లలో కాసేపు ఉంచి తీయగలగాలి. పిడిలో అలుగు కదలకుండా బిగిసి ఉన్న కత్తితో అది నిమిషాల పని. పైగా మడత కత్తిని గట్టిగా నొక్కినప్పుడు, అలుగును పట్టి ఉంచే తాళం జారితే అది వచ్చి పడేది పట్టుకున్నవాడి వేళ్ల మీదే. తడి చేతితో, చీకట్లో, గింజుకుంటున్న దూడ పక్కన కూర్చుని మడత విప్పే తీరిక ఎవరికి ఉంటుంది?

దూడ ప్రస్తావన వచ్చింది కాబట్టి, నా పనిలో ఈ కత్తికి అన్నిటికంటే ఎక్కువగా పడిన పని చెబుతాను. పలుపులు కోయడం. నార పలుపు పోయి నైలాన్ పలుపు వచ్చాక ఈ బాధ పెరిగింది. దూడ మెడకు చిన్నప్పుడు కట్టిన తాడును వదులు చేయడం మరిచిపోతారు. దూడ పెరుగుతుంది, తాడు పెరగదు. మెడ చుట్టూ చర్మం ఒరుసుకుని, తాడు పుండులోకి దిగి, పైన వెంట్రుకలు కప్పుకుని, బయటికి ఏమీ కనిపించదు, వాసన మాత్రం వస్తుంది. లేదా మేక కంచెలో కాలు ఇరికించుకుని తిరిగి తిరిగి తాడును మెలిపెట్టుకుంటుంది. అప్పుడు ముడి విప్పడం సాధ్యం కాదు. ఇద్దరు మనుషులు పశువును కదలకుండా పట్టుకోవాలి. అలుగును చదునుగా, చర్మానికి ఆనించి, తాడు కింద మెల్లగా దూర్చాలి. దూరడానికి చోటు లేకపోతే చూపుడువేలును ముందు పంపి చర్మాన్ని అణచిపట్టాలి. ఆ తర్వాత మణికట్టును పావు వంతు తిప్పితే వాదర బయటివైపు, తాడు వైపు తిరుగుతుంది, వెన్ను పశువు వైపు ఉంటుంది. ఇప్పుడు తోయకూడదు, రంపంలా ఆడించకూడదు. కత్తిని బయటికి, మన ఒంటికి పక్కగా, ఒకే లాగు లాగాలి. పదును ఉంటే తడి నైలాన్ కూడా ఒక్క లాగుకే తెగుతుంది. పదును లేకపోతే తాడు సాగి, బలం ఎక్కువై, కత్తి ఒక్కసారిగా జారుతుంది. పశువుకైనా మనకైనా గాయాలయ్యేది ఆ క్షణంలోనే. వంపు మొన, పొట్టి అలుగు, జారని పిడి అనే మూడూ ఈ ఒక్క పనిలో ఎంత ముఖ్యమో, దూడ మెడ మీద చేయి పెట్టి చూసినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

తీగ ఉచ్చులు వేరే సంగతి. పొలాల గట్ల మీద అడవిపందుల కోసం కొందరు చట్టవిరుద్ధంగా పన్నే బైండింగ్ తీగ ఉచ్చుల్లో కుక్కలు, మేకలు, కొన్నిసార్లు చిరుతలు కూడా చిక్కుకుంటాయి. ఆ తీగ మీద కత్తి వాడితే కత్తే పోతుంది. పశువైతే కటింగ్ ప్లేయర్‌తో తీయండి, వన్యమృగమైతే దగ్గరికి పోకుండా అటవీ శాఖకు చెప్పండి.

తోటల రైతులకు ఈ కత్తి ఎంతవరకు అక్కరకొస్తుందో కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. చిత్తూరు జిల్లాలో తోతాపురి, మనం బెంగళూరా అనే కాయ, ఎంత పండుతుందో మీకు తెలుసు. అంటుకట్టడానికి మాత్రం ఈ కత్తి రెండో ఎంపికే. అంటు కత్తికి ఒకవైపే చెక్కిన వాదర ఉంటుంది, అందుకే దాని కోత పలకలా చదునుగా వచ్చి, అంటుపుల్ల, వేరుమొక్క కాండం సందు లేకుండా అతుక్కుంటాయి. రెండువైపులా చెక్కిన వేటకత్తితో కోత కాస్త గుల్లగా వస్తుంది. కానీ డ్రిప్ పైపు కోయడం, ఎరువు బస్తాల కుట్టు విప్పడం, అంటు చుట్టిన ప్లాస్టిక్ పట్టీని సకాలంలో చీల్చి తీయడం, పురుగు పట్టిన కొమ్మలో తొలిచిన కన్నాన్ని శుభ్రం చేయడం, ఇవన్నీ దీనికి చేతి వాటంగా జరిగే పనులు. ఒక్క జాగ్రత్త: మామిడి సొనకు, చింతపండు పులుపుకు, నిమ్మరసానికి కార్బన్ ఉక్కు వెంటనే నల్లబడుతుంది. నల్లబడితే నష్టం లేదు, తుడవకుండా వదిలేస్తే మాత్రం అక్కడే తుప్పు గుంటలు పడతాయి.

నాగలాపురం, తలకోన వైపు నడకలకు వెళ్లేవారికి, అనుమతి ఉన్నచోట, దీని పని ఇంతకంటే తక్కువ. తెగిన చెప్పు పట్టీకి తాడు కోసి కట్టడం, ముళ్ల కంపలో చిక్కిన బట్టను చింపకుండా కోయడం, గాయానికి కట్టు గుడ్డను సరిపడా కత్తిరించడం, కొయ్యపుల్లను చెక్కి గుడారపు మేకు చేయడం, దోసకాయ, మామిడికాయ తరిగి నలుగురికీ పంచడం. ఎండాకాలం శేషాచలం కొండల్లో గడ్డి ఎంత త్వరగా అంటుకుంటుందో మనకు తెలుసు కాబట్టి, పుల్లలు చెక్కి నిప్పు రాజేసే విద్యలు ఇక్కడ ప్రదర్శించవద్దు.

చేయకూడనివి రెండు ఉన్నాయి, వాటి మీద కాస్త నిలబడతాను. పాము కరిచినచోట కత్తితో గాటు పెట్టడం ఇంకా మన పల్లెల్లో ఉంది. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్నే చెడగొడుతుంది; అటువంటి మనిషికి గాటు పెట్టడమంటే ఆగని నెత్తుటి కాలువ తెరవడమే. విషం ఆ గాటులోంచి బయటికి రాదు. కరిచిన కాలును కదలకుండా ఉంచి, ఉంగరాలు, మెట్టెలు, కాళ్ల పట్టీలు తీసేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి, మనకైతే రుయా ఉంది, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా చేర్చడమే వైద్యం. బిగిసిన చెప్పు పట్టీనో ప్యాంటు అంచునో కోయడం వరకే కత్తికి అక్కడ పని.

రెండోది మృగాల నుంచి రక్షణ. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాప చిరుత దాడిలో ప్రాణాలు కోల్పోయిన తర్వాత చాలామంది నన్ను ఇదే అడిగారు. నాలుగు అంగుళాల కత్తి చిరుత ముందు ఏమీ కాదు. దాన్ని వాడేంత దగ్గరికి చిరుత వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది. దేవస్థానం వారు ఆ తర్వాత నడక భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు, అందులో అర్థం ఉంది: కర్ర మనిషి ఆకారాన్ని పెద్దదిగా చూపుతుంది, దూరాన్ని నిలబెడుతుంది. గుంపుగా నడవడం, పిల్లలను మధ్యలో ఉంచుకోవడం, చీకటి పడకముందే దారి ముగించడం, ఇవే కాపాడేవి. కత్తి ఉందన్న ధైర్యంతో ఒంటరిగా అడవిలోకి పోయేవాడికి ఆ ధైర్యమే ప్రమాదం.

ఉక్కు గురించి, పదును గురించి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. కత్తికి పనికొచ్చే ఉక్కులో కర్బనం సుమారు అర శాతం నుంచి ఒక శాతం వరకు ఉంటుంది. మన కమ్మరులు లారీ కమాను పట్టీలను ఏరికోరి తెచ్చుకోవడానికి కారణం అందులో కర్బనం ఈ లెక్కకు సరిపోవడమే. ఆ ముక్కను కొలిమిలో కాల్చి సమ్మెటతో సాగదీశాక అసలు నేర్పు మొదలవుతుంది. అయస్కాంతం అంటుకోనంత వేడికి ఎర్రబరిచి నూనెలో ముంచితే ఉక్కు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసవుతుంది కూడా. దాన్ని తిరిగి మెల్లగా కాచాలి. తుడిచిన అలుగు మీద ఎండుగడ్డి రంగు పొర కనిపించే వేడి, సుమారు 220 డిగ్రీలు, కత్తికి సరైన హద్దు. నీలం రంగు తేలేదాకా కాస్తే అది కమానుకు మంచిదవుతుంది గానీ వాదర నిలవదు. కర్మాగారాల్లో దీన్నే గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ కొలమానం మీద 56 నుంచి 60 మధ్య ఉండేలా చూస్తారు. తుప్పు పట్టని ఉక్కులో దాదాపు 13 శాతం, కొన్నిటిలో ఇంకా ఎక్కువ, క్రోమియం ఉంటుంది. తడిలో పనిచేసేవారికి, కత్తిని తుడవడం మరిచిపోయేవారికి అదే మేలు. సానపట్టడం తేలిక కావాలంటే కార్బన్ ఉక్కు. నేను రెండోదాన్నే ఇష్టపడతాను, ఎందుకంటే పల్లెలో అరగంట తీరికలో మామూలు సానరాయి మీద దానికి పదును తెచ్చుకోవచ్చు.

సానపట్టడం ఇలా. రాయిని తడిపి, తడిగుడ్డ మీద కదలకుండా పెట్టండి. అలుగు వెడల్పు రెండున్నర సెంటీమీటర్లయితే, వెన్నును రాయి మీద నుంచి ఏడు మిల్లీమీటర్లు ఎత్తి పడితే కోణం 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొత్తవారు చిటికెనవేలు కొసను వెన్ను కింద పెట్టి ఆ ఎత్తును చేతికి గుర్తు చేసుకోవచ్చు. రాయి మీద నుంచి పలచని పొరను కోస్తున్నట్టుగా, పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా ఒకే ఒరవడిలో లాగండి. వంపు దగ్గరికి రాగానే పిడిని కొద్దిగా పైకి లేపాలి, లేకపోతే మొన దగ్గర వాదర రాయికి తగలదు. చాలా కత్తులు నడుమ పదునుగా, మొన దగ్గర మొద్దుగా ఉండటానికి కారణం ఈ ఒక్క పొరపాటే. ఒకవైపు చాలినంత అరిగిందని తెలియాలంటే, రెండో వైపు నుంచి బొటనవేలిని వెన్ను నుంచి వాదర వైపుకు, అడ్డంగా, బయటికి జార్చండి. వాదర పొడవునా వేలికి సన్నని గరుకు తగులుతుంది. వాదర వెంబడి వేలును ఎప్పుడూ నడపవద్దు. ఆ గరుకు మొన నుంచి పిడి దాకా ఎడం లేకుండా తగిలితేనే రెండో వైపుకు తిప్పాలి. ఆఖరున బలం తగ్గించుకుంటూ రెండు వైపులా మార్చి మార్చి లాగి, పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి లాగితే ఆ గరుకు రాలిపోతుంది. వార్తాపత్రిక కాగితాన్ని గాలిలో పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి.

వాడేటప్పుడు కూర్చున్న ఒడిలో, తొడల మధ్య పెట్టుకుని ఏదీ కోయవద్దు. తొడ లోపలి పెద్ద ధమని తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. మోచేతులు మోకాళ్ల ముందుకు రావాలి, చెయ్యి చాచినంత దూరంలో ఎవరూ ఉండకూడదు. ఇంకొకరికి ఇవ్వాలంటే ఒరలో పెట్టి ఇవ్వండి, లేదా కింద పెట్టండి, వారు తీసుకుంటారు. పని అయ్యాక కడిగి, తుడిచి, కొబ్బరినూనె పలచగా రాయండి. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి అటక మీద పడేయవద్దు. తోలు తేమను పట్టి ఉంచి కత్తిని తినేస్తుంది. ఇంట్లో ఒర విడిగా, కత్తి విడిగా, పిల్లలకు అందని చోట ఉండాలి.

కొనదలచినవారికి నాలుగు మాటలు. కొట్లో మెరుపు చూసి మోసపోవద్దు. వెన్ను మీద రంపపు పళ్లు, పిడిలో దిక్సూచి ఉన్న కత్తులు అలంకారానికే. అలుగు వెన్ను దగ్గర మూడు మిల్లీమీటర్ల మందం చాలు, నాలుగు దాటితే కాయ కోయబోతే కాయ పగులుతుంది. అలుగు ఇనుము పిడి లోపల చివరి దాకా వెళ్లిందో లేదో పక్కనుంచి చూడండి, పిడికి కొట్టిన రివిట్లు చేతికి తగలకుండా ఉన్నాయో లేదో తడిమి చూడండి. కమ్మరి దగ్గర చేయించుకునేవారు మూడున్నర అంగుళాల కొలత కర్ర మీద గీసి తీసుకెళ్లండి, వెన్ను మొనవైపు దిగాలని బొమ్మ వేసి చూపండి, కాచేటప్పుడు గడ్డి రంగు దగ్గర ఆపమని చెప్పండి. పిడికి నల్లతుమ్మ గానీ చండ్ర గానీ బాగా ఆగుతాయి. ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. ఆ చెట్టు మన కొండల సొత్తు, దాని మీద చట్టం ఎంత కఠినంగా ఉందో ఈ ఊరివారికి నేను చెప్పాల్సిన పని లేదు.

బల్ల మీద సానరాళ్లు, పదును లేని కత్తులు కొన్ని పెట్టించాను. ఒక్కొక్కరుగా వచ్చి, ఆ గరుకు వేలికి తగిలేదాకా ఒకవైపు సానపట్టి చూడండి. ప్రశ్నలు అక్కడే అడగవచ్చు.